తార్నాక ఫ్లాటు: కాగితాల పని మొత్తం సొంతంగా

2025 జూన్, మొదటి వారం

తార్నాకలో ఫ్లాటు ఖాయమైనట్టే. 1998లో కట్టిన అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, గాలీ వెలుతురూ బాగున్నాయి. అమ్మేది ఒక కుటుంబం. ఇంటాయన 1999లో 6 లక్షలకు కొన్నారు, 2016లో పోయారు. ఇప్పుడు ఆంటీ, కొడుకు ఇక్కడున్నారు, కూతురు అమెరికాలో. ధర 72 లక్షల దగ్గర మాట కుదిరింది. నేను లోను తీసుకోవడం లేదు. ఊళ్ళో ప్లాటు అమ్మిన డబ్బుంది. అంటే బ్యాంకు తరఫున కూడా ఏ లాయరూ ఈ కాగితాలు చూడడు.

అందుకే మొదటి నుంచి చివరి దాకా నేనే చూసుకోవాలని నిర్ణయించుకున్నా. అమ్మకం దస్తావేజు ఫలానా వాళ్ళే రాయాలని చట్టం అనదు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ రాసుకుని వెళ్ళినా రిజిస్టరు చేస్తారు. మా చుట్టాల రిజిస్ట్రేషన్లకు తోడు వెళ్ళినప్పుడు గమనించిన సంగతి ఒకటుంది. డాక్యుమెంట్ రైటర్లు పాత దస్తావేజు తీసి, పేర్లూ తేదీలూ మార్చి, ప్రింటు ఇస్తారు. అసలు ఈ ఇంటి మీద ఎవరెవరికి హక్కుంది, ఎవరెవరు సంతకం పెట్టాలి అన్నది మాత్రం అమ్మేవాళ్ళు చెప్పిందే రాస్తారు. నా దృష్టిలో మొత్తం పనికి ప్రాణం ఆ ఒక్క ప్రశ్నే.

జూన్, మూడో వారం

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్ల జాబితా) తీశాను. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్న ఎంట్రీలు ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఒకసారి దస్తావేజు నంబరుతో వెతికా, మరోసారి ఇంటి నంబరుతో. రెండూ చేయాలి. ఇంటి నంబరుతో వెతికితే 1999 అమ్మకం ఒక్కటే కనిపించింది. దస్తావేజు నంబరుతో వెతికితే దాని కింద ఇంకో ఎంట్రీ వచ్చింది: 2003లో బ్యాంకు దగ్గర టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసినట్టు, అంటే ఇంటి ఒరిజినల్ కాగితాలు తాకట్టు పెట్టినట్టు. ఇంటాయన తీసుకున్న లోను అది.

కొడుకును అడిగితే, "లోను ఎప్పుడో తీరిపోయింది అక్కా, ఒరిజినల్స్ మా దగ్గరే ఉన్నాయి," అని బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ లెటరు చూపించాడు. లెటరు నిజమైనదే. కానీ తాకట్టు ఎంట్రీ రిజిస్టరైనప్పుడు దాని విడుదల కూడా రిజిస్టరు కావాలి. లేకపోతే రేపు నేను అమ్మబోయినా, లోనుకు వెళ్ళినా ఆ ఎంట్రీ అడ్డు నిలబడుతుంది. అప్పటి బ్యాంకు ఇప్పుడు వేరే బ్యాంకులో కలిసిపోయింది. పాత లోను ఖాతా వెతికించి, అధికారి వచ్చి విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టేలా చూడడం అమ్మేవాళ్ళ పని అని చెప్పేశా. ఒప్పుకున్నారు.

లింకు డాక్యుమెంట్లు కూడా తెప్పించా. స్థలం సొంతదారు నుంచి బిల్డరుకు ఇచ్చిన డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, అంతకుముందు ఆ స్థలం చేతులు మారిన దస్తావేజులు, మున్సిపల్ ప్లాను. ఒరిజినల్ లేనివాటికి సర్టిఫైడ్ కాపీలు తీసుకున్నాం. ప్లానులో ఉన్న అంతస్తులు, కట్టిన అంతస్తులు సరిపోయాయి. సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఎ నిషేధిత జాబితాలో లేదు. ఈ భాగంలో చెప్పుకోవాల్సిన ఇబ్బంది రాలేదు. అవిభాజ్య వాటా (అపార్ట్‌మెంటు స్థలంలో ఈ ఫ్లాటుకు వచ్చే వంతు) ఎన్ని గజాలో అన్ని కాగితాల్లోనూ ఒకటే అంకె ఉందో లేదో మాత్రం వేలు పెట్టి చూసుకోవాలి. పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటు ధరలో చాలా భాగం ఆ గజాలదే.

జూలై, రెండో వారం

అగ్రిమెంటు రాసుకున్నాం. అడ్వాన్సు 2 లక్షలు, ఆంటీ ఖాతాలోకి. మొత్తం ధర 50 లక్షలు దాటింది కాబట్టి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ పేర ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకోవాలి. 2,000 పట్టుకుని 1,98,000 వేశా. ఆ 2,000ను ఫారం 26క్యూబీ నింపి ఇంటి నుంచే కట్టేశా.

అగ్రిమెంటులో నాకు ముఖ్యమనిపించిన షరతు ఇది: "అమ్మకందారుల హక్కులో ఏదైనా లోపం గానీ, ఇతరుల వాటా గానీ బయటపడిన యెడల, దానిని అమ్మకందారులే తమ ఖర్చులతో సరిచేయించగలవారు. సరిచేయలేని పక్షంలో తీసుకున్న అడ్వాన్సు యావత్తూ కొనుగోలుదారుకు తిరిగి చెల్లించగలవారు." కొడుకు చదివి, "ఇంకెవరి వాటా ఉంటది అక్కా, మేము ముగ్గురమే కదా," అన్నాడు. ఉన్నా లేకపోయినా షరతు ఉండనీ అన్నా.

జూలై, చివరి వారం

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. అందులో ముగ్గురి పేర్లు: భార్య, కొడుకు, కూతురు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కొందరు కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ కావాలంటారు. అది బాకీలకూ, బ్యాంకు డిపాజిట్లకూ, షేర్లకూ వర్తిస్తుంది, ఇంటికి కాదు.

నేను హిందూ వారసత్వ చట్టం, 1956 తీసి 8వ సెక్షన్, వెనక ఉన్న షెడ్యూలు చదివా. వీలునామా రాయకుండా మగమనిషి చనిపోతే ఆస్తి మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. ఆ జాబితాలో కొడుకు, కూతురు, భార్యతో పాటు తల్లి కూడా ఉంది. చనిపోయినాయన తల్లి.

ఫోను చేసి అడిగా, "నానమ్మగారు ఎప్పుడు పోయారు?"

"నానమ్మనా? నాన్న పోయినంక మూడేండ్లకు. 2019లో."

అంటే 2016లో ఇంటాయన కన్నుమూసే నాటికి ఆవిడ బతికే ఉన్నారు. ఈ ఫ్లాటులో నాలుగో వంతు ఆ రోజే ఆవిడది అయింది. ఆవిడ ఏ కాగితం మీదా అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు, కానీ చట్టం ఇచ్చింది. 2019లో ఆవిడ పోయాక ఆ వాటా ఆవిడ వారసులకు వెళ్ళింది. ఆవిడకు ఇద్దరు పిల్లలు: ఈ ఇంటాయన, కరీంనగర్‌లో ఉండే కూతురు. అంటే అమ్మేవాళ్ళకు మేనత్త.

సర్టిఫికెట్‌లో ఆ మేనత్త పేరు లేదు, ఉండే అవకాశమూ లేదు. అది కుటుంబ సభ్యుల పేర్లు చెప్తుంది, వాటాలు తేల్చదు. ముగ్గురి సంతకాలతో రిజిస్ట్రేషన్ అయిపోయుండేది, సబ్ రిజిస్ట్రారు ఆపి ఉండేవారు కాదు. పదేళ్ళ తర్వాత ఆ మేనత్త పిల్లల్లో ఎవరో పార్టిషన్ సూటు (వాటా పంచమనే దావా) వేసేదాకా లోపం ఎవరికీ కనిపించేది కాదు.

ఈ ఒక్క ప్రశ్న మీద సివిల్ లాయరు దగ్గరికి వెళ్ళి ఫీజు ఇచ్చి అడిగా. పూర్తి లీగల్ ఒపీనియన్ కాదు, ఈ వాటాల లెక్క మాత్రమే. ఆయన కాగితం మీద పదహారు అణాలు రాసి పంచి చూపించారు. ఇంటాయన ఆస్తి నలుగురికి: ఆంటీకి నాలుగణాలు, కొడుక్కి నాలుగు, కూతురికి నాలుగు, నానమ్మకు నాలుగు. నానమ్మ నాలుగణాల్లో రెండు ఆవిడ కూతురికి, రెండు పోయిన కొడుకు పిల్లలకు, అంటే చెరొకటి. భర్త పోయిన కోడలికి అత్త వాటాలో ఏమీ రాదు, అందుకే ఆంటీ వాటా నాలుగణాల దగ్గరే ఆగింది. చివరికి ఆంటీకి నాలుగు, కొడుక్కి ఐదు, కూతురికి ఐదు, మేనత్తకు రెండు. సొంతంగా పని చేసుకునేవాళ్ళు ఇలాంటి చోట డబ్బు దాచుకోకూడదు. ప్రశ్న ఏదో తెలిసి వెళ్తే లాయరు గంటలో తేల్చేస్తారు.

ఆగస్టు

ఈ మాట ఆ ఇంట్లో చెప్పడమే ఈ మొత్తం పనిలో బరువైన పని. కొడుకు మొహం మాడింది. "అత్తను ఇప్పుడు ఇందులోకి లాగితే గొడవలైతయి," అన్నాడు. ఆంటీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ నానమ్మ ఈ ఇంట్ల మూడేండ్లు నా చేతి అన్నం తిన్నది. ఆమెది ఉన్నదంటే ఉన్నది. ఆడబిడ్డది ఆడబిడ్డకే ఇయ్యాలె," అంది.

దారులు రెండున్నాయి. మేనత్త తన వాటాను ఆంటీకో పిల్లలకో వదులుకుంటూ రిలీజ్ డీడ్ రిజిస్టరు చేయడం, లేదా అమ్మకందారుల్లో ఒకరిగా నేరుగా నా దస్తావేజులోనే సంతకం పెట్టడం. ఆంటీ మాటతో రెండోదే ఖాయమైంది. నాకూ అదే నయం. హక్కు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఒకే దస్తావేజులో కనిపిస్తుంది.

72 లక్షలను పదహారుతో భాగిస్తే అణాకు నాలుగున్నర లక్షలు. ఆంటీకి 18 లక్షలు, కొడుక్కి 22.5, కూతురికి 22.5, మేనత్తకు 9.

వీలునామా సంగతి కూడా తేల్చుకున్నా. ఇంటాయన గానీ నానమ్మ గానీ ఎలాంటి వీలునామా రాయలేదని అందరితో అఫిడవిట్ తీసుకున్నా. తెలుగు, ఇంగ్లీషు దినపత్రికల్లో అభ్యంతరాలుంటే తెలపాలని ప్రకటన ఇచ్చా. ఎవరూ రాలేదు.

సెప్టెంబరు

కూతురు రాలేనంది. తమ్ముడి పేర పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తానంది. విదేశంలో ఉన్నవాళ్ళు అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్‌లోనో సంతకం పెట్టిన పవర్‌ను ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకుంటారు, రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం. ఆమె కాన్సులేట్ దారి పట్టింది.

ముసాయిదా నేనే రాసి పంపా. సాధారణంగా వాడే జనరల్ పవర్‌లో లేని అధికారం ఉండదు: అమ్మడం, తాకట్టు పెట్టడం, అద్దెకివ్వడం, కోర్టుకెళ్ళడం. మాకు అదంతా అనవసరం. ఈ ఒక్క ఫ్లాటులో ఆమె ఐదణాల వాటాను, ఫలానా ధరకు, నా పేర అమ్మి, రిజిస్ట్రారు ముందు ఒప్పుకోవడానికి మాత్రమే స్పెషల్ పవర్. డబ్బు మాత్రం ఆమె ఎన్ఆర్ఓ ఖాతాకే (ప్రవాసులకు ఇక్కడ ఉండే బ్యాంకు ఖాతా) వెళ్ళాలని అందులోనే రాశా. పవర్ ఇస్తే హక్కు ఇచ్చినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. హైదరాబాద్‌లో ఇప్పటికీ జీపీఏ (జనరల్ పవర్) మీద కొన్నామని చెప్పేవాళ్ళు కనిపిస్తారు, వినగానే బాధేస్తుంది.

కవరు కొరియర్‌లో వచ్చింది. ఆ కవరు పారేయొద్దని కొడుక్కి గట్టిగా చెప్పా. విదేశంలో రాసిన కాగితానికి ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. ఎప్పుడొచ్చిందో చెప్పేది కవరు మీది తేదీయే. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో డ్యూటీ కట్టి వాలిడేషన్ చేయించాం. క్యూ పెద్దది, పని చిన్నది.

ఇదే నెలలో బ్యాంకు విడుదల దస్తావేజు రిజిస్టరైంది. ఈసీ మళ్ళీ తీసి చూశా, 2003 ఎంట్రీ కింద విడుదల ఎంట్రీ చేరింది.

ఇంకొకటి. అమ్మేవాళ్ళ పాన్ ఆధార్‌తో లింకు కాకపోతే 1 శాతానికి బదులు 20 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. పట్టుకోకపోతే తేడా మొత్తానికి నోటీసు కొనేవాళ్ళకు వస్తుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో చూస్తే మేనత్త పాన్ లింకు కాలేదు. 9 లక్షల మీద 20 శాతమంటే 1,80,000. 1,000 రూపాయల ఫీజు కట్టించి లింకు చేయించి, పాన్ మళ్ళీ పనిలోకి వచ్చిందని సైట్ చూపించేదాకా స్లాటు బుక్ చేయలేదు.

అక్టోబరు, మొదటి వారం

దస్తావేజు రాయడం మొదలుపెట్టా. శాఖ వెబ్‌సైట్‌లో నమూనాలున్నాయి, అస్థిపంజరానికి అవి చాలు. తెలుగులో రాశా. హైదరాబాద్‌లో ఎక్కువ దస్తావేజులు ఇంగ్లీషులోనే ఉంటాయి, కానీ మేనత్త తెలుగు మాత్రమే చదువుతారు. రెండణాలు వదులుకుంటున్న మనిషి దేని మీద సంతకం పెడుతున్నారో చదువుకునే వీలుండాలి.

హక్కు వచ్చిన తీరు గురించిన పేరా నాలుగుసార్లు తిరగరాసి చివరికి ఇలా ఉంచా: ఇంటాయన 1999 నాటి ఫలానా నంబరు దస్తావేజుతో స్వార్జితంగా కొన్నారు, 2016లో వీలునామా లేకుండా చనిపోయారు, నాటికి ఆయన భార్య, కుమారుడు, కుమార్తె, తల్లి వారసులు, తల్లి 2019లో వీలునామా లేకుండా చనిపోగా ఆవిడ వాటా ఆవిడ కుమార్తెకూ, ముందే చనిపోయిన కుమారుని సంతానానికీ సంక్రమించినది, ఈ నలుగురూ కలిసి అమ్ముతున్నారు. ఇద్దరి డెత్ సర్టిఫికెట్ల నంబర్లు, నానమ్మ భర్త అంతకుముందే పోయారన్న సర్టిఫికెట్ నంబరు కూడా చేర్చా. తర్వాత ఎవరు చదివినా ప్రశ్న పుట్టకముందే జవాబు అక్కడే దొరకాలి.

హద్దులు రాసేటప్పుడు ఫ్లాటు హద్దులు వేరు, స్థలం హద్దులు వేరు అని గుర్తుంచుకోవాలి. రెండు షెడ్యూళ్ళు. ఫ్లాటుకు ఉత్తరం ఓపెన్ టు స్కై, దక్షిణం కారిడారు, అలా. తలుపు దగ్గర నిలబడి ఫోన్‌లో దిక్సూచి పెట్టి నాలుగు వైపులా సరిచూసుకున్నా.

వివరాలన్నీ సైట్‌లో పబ్లిక్ డేటా ఎంట్రీ చేశా. స్టాంపు డ్యూటీ 5.5 శాతం 3,96,000, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం 1,08,000, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం 36,000. కలిపి 5,40,000. మ్యుటేషన్ ఛార్జీ, యూజర్ ఛార్జీలు విడిగా. ప్రభుత్వ మార్కెట్ విలువ మా ధర కంటే తక్కువే ఉంది, కాబట్టి డ్యూటీ మా ధర మీదే. తక్కువ ధర రాసి మిగతాది చేతికివ్వమని ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు, అడిగినా ఒప్పుకునేదాన్ని కాదు.

అక్టోబరు, మూడో వారం: రిజిస్ట్రేషన్

స్లాటు ముందే బుక్ చేశా. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి మొదలైన పద్ధతి ఇది, పొద్దంతా బెంచీల మీద కూర్చునే అవస్థ తగ్గింది. మేనత్త ముందురోజే కరీంనగర్ నుంచి వచ్చి వదిన ఇంట్లోనే పడుకున్నారు. పొద్దున వాళ్ళిద్దరూ ఒకే ఆటోలో దిగారు.

కూతురికి వీడియో కాల్ చేసి, పవర్ ఇంకా అమల్లోనే ఉందని ఆమె నోటే చెప్పించుకున్నాకే లోపలికి వెళ్ళాం. పవర్ ఇచ్చినవాళ్ళు ఆ రోజుకు బతికి ఉండాలి, రద్దు చేసి ఉండకూడదు.

మేనత్త వేలిముద్ర పడలేదు. బీడీలు చుట్టిన చేతులు, గీతలు అరిగిపోయాయి. ఒక్కో వేలూ పెట్టి చూశారు, తడి గుడ్డతో తుడిచారు, మిషను ఎర్రలైటే చూపిస్తోంది. ఆపరేటరు ఓపికమంతుడు. కొంచెం నూనె రాసి, తుడిచి, ఎడమచేతి ఉంగరం వేలు పెట్టమన్నాడు. పడింది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు ముందురోజు మీసేవలోనో ఆధార్ సెంటర్‌లోనో ఏ వేలు పడుతుందో చూసుకుని వెళ్ళడం మంచిది.

సబ్ రిజిస్ట్రారు దస్తావేజు తిరగేసి, "మేనత్త ఎందుకమ్మా?" అన్నారు. హక్కు పేరా చూపించా. చదివి తలూపి, మేనత్తను అడిగారు: "అమ్మా, మీ వాటా డబ్బు ముట్టిందా? ఇష్టంతోనే అమ్ముతున్నారా?" ఆవిడ, "ముట్టింది సారూ. మా వదినె చదివి వినిపించింది, నేను గూడ చదివిన," అన్నారు. బ్యాంకర్స్ చెక్కుల నంబర్లు నలుగురివీ దస్తావేజులోనే రాసి ఉన్నాయి.

నవంబరు

టీడీఎస్ పని. ఆంటీ, కొడుకు, మేనత్త ముగ్గురికీ ఒక్కొక్కరికి విడివిడిగా 26క్యూబీ. ఆంటీకి అడ్వాన్సు పోగా మిగిలిన 16 లక్షల మీద 16,000, కొడుక్కి 22,500, మేనత్తకు 9,000. ఒక్కో వాటా 50 లక్షల లోపే కదా అని వదిలేయకూడదు. 2024 అక్టోబరు 1 నుంచి అమ్మేవాళ్ళందరికీ కలిపి ఇచ్చే మొత్తమే లెక్క. డబ్బు పట్టుకున్న నెల ముగిశాక 30 రోజుల్లో కట్టాలి.

కూతురి సంగతి పూర్తిగా వేరు. ప్రవాసులకు అమ్మకం ధర ఎంతయినా 1961 ఆదాయపు పన్ను చట్టం 195వ సెక్షన్ కింద పట్టుకోవాలి, దానికి నాకు ట్యాన్ (పన్ను పట్టేవాళ్ళకిచ్చే) నంబరు ఉండాలి. సెప్టెంబరులోనే ఫారం 49బీ వేసి తీసుకున్నా. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, సెస్సు కలిపితే 13. లాభం ఎంతో నాకు నేనుగా తేల్చే అధికారం లేదు కాబట్టి, తక్కువ పట్టుకోమనే సర్టిఫికెట్ ఆమె ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ నుంచి తెచ్చుకోకపోతే మొత్తం 22.5 లక్షల మీద 2,92,500 పట్టుకోవాలి. సర్టిఫికెట్ తెస్తే మిగిలేదెంతో ఇద్దరం లెక్క వేశాం. తండ్రి కొన్న 6 లక్షల్లో ఆమె వంతు 1,87,500, దాని మీద 13 శాతం 24,375. దీనికోసం వారాలు ఆగడం ఎందుకు, రిటర్ను వేసి తెచ్చుకుంటానంది. ఇల్లు అమ్మిన డబ్బుతో ఇక్కడే మరో ఇల్లు కొనాలనుకునేవాళ్ళకు మాత్రం ఆ సర్టిఫికెట్ తప్పకుండా తెచ్చుకోమని చెప్తా, 54వ సెక్షన్ మినహాయింపుతో పట్టే మొత్తం బాగా తగ్గొచ్చు. ఈ 2,92,500 నవంబరు 7 లోపే కట్టేశా.

డిసెంబరు

ఈసీలో నా దస్తావేజు ఎంట్రీ వచ్చింది. ఆస్తిపన్ను రికార్డులో పేరు మారింది. కరెంటు మీటరు మార్పిడికి దరఖాస్తు పెట్టా, మంజీరా నీళ్ళ కనెక్షను అపార్ట్‌మెంటు అసోసియేషన్ పేర ఉంది కాబట్టి దాంతో పని లేదు. అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లెటరు రిజిస్ట్రేషన్‌కు ముందే తీసుకున్నా.

ఇక మిగిలింది ఫారం 27క్యూ, అంటే కూతురి దగ్గర పట్టిన టీడీఎస్ లెక్క. అక్టోబరు-డిసెంబరు త్రైమాసికానికి జనవరి 31 గడువు. అది వేశాక కూతురికి టీడీఎస్ సర్టిఫికెట్, ఫారం 16ఏ పంపాలి. మిగతావాళ్ళ టీడీఎస్ సర్టిఫికెట్లు, ఫారం 16బీలు డౌన్‌లోడ్ అయ్యాయి. ఆంటీకి, కొడుక్కి వాట్సాప్‌లో పెట్టా. మేనత్తకు ప్రింటు తీసి, మీద తెలుగులో "9,000 మీ పేర కట్టాను, పన్ను పడకపోతే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు" అని రాసి, రిజిస్టర్డ్ పోస్టులో కరీంనగర్‌కు పంపా. ఆవిడ మనవడికి ఫోను చేసి రిటర్ను ఎలా వేయాలో వివరంగా చెప్పా.